కారు ఏసీ ఫిల్టర్ ఎప్పుడు మార్చాలి? కిలోమీటర్ల లెక్క ఒక్కటే ఎందుకు చాలదు

సంక్షిప్తంగా: కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ ఆయుష్షు కారు తిరిగిన దూరం మీద కన్నా బ్లోయర్ (ఏసీ గాలిని తోసే ఫ్యాన్) తిరిగిన గంటల మీద, ఆ గంటల్లో పీల్చిన ధూళి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ట్రాఫిక్‌లో, దుమ్ము రోడ్ల మీద నడిచే కారుకు ఏడాదికి రెండుసార్లు, మిగతావాటికి ఒకసారి మార్చడం సబబు. చాలా మోడళ్లలో పనిముట్లు లేకుండా పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. కడిగితే పైకి శుభ్రంగా కనిపిస్తుంది గానీ సన్నని ధూళిని పట్టే శక్తి పోతుంది.

సర్వీసింగ్ బిల్లులో ‘ఏసీ ఫిల్టర్’ అన్న పద్దు కనబడగానే కారు యజమానికి మొదట వచ్చే సందేహం, ఇది నిజంగా ఇప్పుడే మార్చాలా అని. సర్వీస్ అడ్వైజర్ మార్చాల్సిందేనంటాడు. వీధి చివరి మెకానిక్ గాలి కొట్టి పెట్టేస్తే ఇంకో ఆర్నెల్లు వస్తుందంటాడు. కారుతో వచ్చిన పుస్తకం తీస్తే మోడల్‌ను బట్టి 10,000 నుంచి 20,000 కిలోమీటర్ల మధ్య ఏదో ఒక అంకె, లేదా ‘ఏడాదికోసారి’ అన్న మాట ఉంటుంది. దాని కిందే చిన్న అక్షరాల్లో, దుమ్ము ఎక్కువగా ఉండే చోట ఇంకా ముందే మార్చాలని ఉంటుంది. మన రోడ్లకు ఎక్కువగా వర్తించేది ఆ చిన్న అక్షరాల మాటే. దాన్ని చదివేవాళ్లు మాత్రం తక్కువ.

ఏ ఫిల్టర్ గురించి మాట్లాడుతున్నాం

కారులో గాలికి సంబంధించిన ఫిల్టర్లు రెండు. బానెట్ కింద నల్లటి పెట్టెలో ఉండేది ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్. అది ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని వడకడుతుంది. కారులో కూర్చున్నవాళ్లు పీల్చే గాలిని వడకట్టేది క్యాబిన్ ఫిల్టర్. ఏసీ ఫిల్టర్, పోలెన్ ఫిల్టర్ అన్నా ఇదే. బిల్లులో ‘ఎయిర్ ఫిల్టర్’ అని మాత్రమే రాసి ఉంటే ఏది మార్చారో అడిగి తెలుసుకోవడం మంచిది. ఒకటి మార్చి రెండూ మార్చారనుకునే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఒక ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. బయటి గాలి అక్కడి నుంచే లోపలికి వస్తుంది. డ్యాష్‌బోర్డ్ లోపల ఒక తలుపులాంటి రెక్క ఉంటుంది. రీసర్క్యులేషన్ బటన్ నొక్కితే ఆ రెక్క బయటి దారి మూసి, కారులోని గాలినే మళ్లీ తీసుకుంటుంది. ఇప్పటి కార్లలో ఎక్కువవాటికి ఫిల్టర్ ఈ రెక్క తర్వాత ఉంటుంది. అంటే బయటి గాలి అయినా, లోపలి గాలి అయినా దాని గుండానే పోతుంది. అక్కడి నుంచి బ్లోయర్, ఆ తర్వాత గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్, ఆపైన డ్యాష్‌బోర్డ్ మీది వెంట్లు. కొన్ని మోడళ్లలో బ్లోయర్ ముందు, ఫిల్టర్ తర్వాత ఉంటాయి. ఇంకొన్నింటిలో ఫిల్టర్‌ను వైపర్ల కింది జాలీ దగ్గరే పెడతారు. ఆ మోడళ్లలో రీసర్క్యులేషన్ నొక్కినప్పుడు గాలి వడకట్టబడదు. మన కారులో ఏ అమరిక ఉందో తెలిస్తే, లోపం ఎక్కడుందో కనిపెట్టడం సులువవుతుంది.

జల్లెడ అనుకుంటేనే చిక్కు

ఫిల్టర్ అనగానే జల్లెడ గుర్తుకొస్తుంది. కన్నం కన్నా పెద్దది ఆగిపోతుంది, చిన్నది జారిపోతుంది. క్యాబిన్ ఫిల్టర్ పని చేసే తీరు ఇది కాదు. మడతలు మడతలుగా ఉండే ఆ తెల్లటి గుడ్డ నేసినది కాదు. సన్నటి ప్లాస్టిక్ పోగులను, ఎక్కువగా పాలీప్రొపిలీన్‌ను, చిందరవందరగా పరిచి అతికించినది. పోగుల మధ్య ఖాళీలు అది పట్టుకునే చాలా రేణువుల కన్నా పెద్దవి.

రేణువు సైజును బట్టి అది చిక్కే తీరు మారుతుంది. పుప్పొడి, రోడ్డు దుమ్ము లాంటి 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైబడిన రేణువులు బరువు వల్ల గాలితో పాటు మలుపు తిరగలేక పోగులకు గుద్దుకుంటాయి. పొగలోని 0.1 మైక్రాన్ కన్నా చిన్న రేణువులు గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగుతూ పోగులను తగిలి ఆగిపోతాయి. అన్నిటికన్నా ఎక్కువగా తప్పించుకునేవి ఈ రెండింటికీ మధ్యన, 0.3 మైక్రాన్ పరిసరాల్లో ఉండేవి. వాటి కోసమే తయారీలో పోగులకు స్థిర విద్యుదావేశం ఎక్కిస్తారు. దగ్గరగా వచ్చిన రేణువును ఆ ఆవేశం లాక్కుంటుంది. ఫిల్టర్‌ను కడగవచ్చా లేదా అన్న వాదానికి జవాబు ఈ ఆవేశంలోనే ఉంది.

ఊహకు అందని విషయం ఇంకొకటి ఉంది. వాడుతున్న కొద్దీ మొదట్లో ఈ ఆవేశం ధూళి కింద కప్పబడి కొంత బలహీనపడుతుంది. ఆ తర్వాత పేరుకున్న ధూళి పొరే అదనపు వడపోతగా మారి రేణువులను ఆపుతుంది. కాబట్టి పాత ఫిల్టర్ గుండా దుమ్ము లోపలికి కొట్టుకొచ్చేస్తుందన్న భయం చాలావరకు నిజం కాదు. పాతబడిన ఫిల్టర్ చేసే అసలు నష్టం, గాలినే సరిగ్గా పోనివ్వకపోవడం. అంచుల దగ్గర సీలు సరిగ్గా లేకపోతే గాలి ఫిల్టర్ గుండా కాక పక్క సందుల్లోంచి దారి చూసుకుంటుంది. దుమ్ము వచ్చేది అలాంటప్పుడే.

కిలోమీటర్లు కాదు, గంటలు

ఫిల్టర్‌కు చక్రాలు ఎంత తిరిగాయో తెలియదు. దాని గుండా ఎంత గాలి పోయింది, ఆ గాలిలో ఎంత ధూళి ఉందన్నదే దానికి లెక్క. ఈ తేడా ఎంత పెద్దదో ఒక చిన్న గణితంతో చూడవచ్చు.

హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చే కారు సగటున గంటకు 20 కిలోమీటర్ల వేగంతో నడిచిందనుకుందాం. 10,000 కిలోమీటర్లు పూర్తి కావడానికి 500 గంటలు పడుతుంది. అదే దూరం విజయవాడ–హైదరాబాద్ హైవే మీద గంటకు 70 కిలోమీటర్ల సగటుతో తిరిగే కారుకు 143 గంటల్లో అయిపోతుంది. మీటరు మీద రెండూ ఒకటే. బ్లోయర్ తిరిగిన కాలం మాత్రం మూడున్నర రెట్లు తేడా.

దీనికి ధూళిని కలిపి చూద్దాం. బ్లోయర్ గంటకు 300 ఘనపు మీటర్ల గాలి లాగుతోందని, గాలిలో పీఎం 10 ధూళి, అంటే 10 మైక్రాన్ల లోపు రేణువులు, ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు ఉందని అనుకుంటే (మన దేశంలో 24 గంటల సగటుకు ప్రమాణంగా పెట్టుకున్న హద్దు ఇదే), బయటి గాలి మోడ్‌లో 500 గంటల్లో ఫిల్టర్ మీదికి వచ్చే ధూళి 15 గ్రాములు. హైవే కారుకు 4 గ్రాములకు కాస్త పైన. రెండో కారు ఫిల్టర్ ఇంకా తెల్లగా ఉండగానే మొదటి కారుది బూడిద రంగు తిరిగి ఉంటుంది. రెంటికీ ‘10,000 కిలోమీటర్లకు మార్చండి’ అని ఒకే మాట చెప్పడం ఒకరికి వృథా ఖర్చు, ఇంకొకరికి ఆలస్యం.

ఈ లెక్క ఒక అంచనా మాత్రమే. రీసర్క్యులేషన్‌లో నడిపితే లోపలి గాలే పదేపదే వడకట్టబడుతుంది కాబట్టి ఫిల్టర్ మీద పడే ధూళి బాగా తగ్గుతుంది. వేసవిలో మనవాళ్లు ఎక్కువగా నడిపేది ఆ మోడ్‌లోనే. ముందు వెళ్తున్న ఇసుక లారీ వెనకాల పది నిమిషాలు బయటి గాలి మోడ్‌లో నడిస్తే లెక్క అటువైపు తిరిగిపోతుంది.

మన గాలిలో ఏముంది

గాలి కాలుష్యాన్ని తగ్గించడానికి 2019లో కేంద్రం మొదలుపెట్టిన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ జాబితాలో, తర్వాత చేరినవాటితో కలిపి, ఆంధ్రప్రదేశ్ నుంచి 13, తెలంగాణ నుంచి 4 నగరాలు, పట్టణాలు ఉన్నాయి. హైదరాబాద్, పటాన్‌చెరు, నల్లగొండ, విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, కర్నూలు, నెల్లూరు అందులోవే. ఇలాంటి ఊళ్లను గుర్తించడంలో ప్రధానమైన కొలత పీఎం 10. అందులో ముతక ధూళి, సన్నని ధూళి రెండూ ఉంటాయి. ఫిల్టర్‌ను తొందరగా నింపేది ముతక ధూళే. ఊపిరితిత్తుల లోతుకు చేరి ఎక్కువ హాని చేసేది పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్ల లోపు ధూళి. బరువులో తక్కువైన ఆ సన్నని ధూళి ఫిల్టర్‌ను అంత త్వరగా నింపదు. అందుకే ఫిల్టర్ నల్లబడలేదంటే గాలి మంచిదని అర్థం కాదు, మట్టితో నిండిపోయిందంటే ఊపిరితిత్తులకు అంతే హాని జరిగిందనీ కాదు.

ఊరిని బట్టి ఫిల్టర్‌లో చేరే సరుకు మారుతుంది. కోకాపేట, నార్సింగి వైపు కట్టడాల సిమెంటు, మట్టి దుమ్ము. గోదావరిఖనిలో బొగ్గు పొడి. విశాఖ వన్‌టౌన్‌లో పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి ధూళి. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల తెల్లటి పొడి. చీమకుర్తిలో గ్రానైట్ దుమ్ము. గుంటూరులో మిర్చి సీజన్లో యార్డు దగ్గరి రోడ్ల మీద వెళ్తే గాలిలోనే ఘాటు తెలుస్తుంది. పల్లెల్లో వరి కోతల వేళ రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తే చక్రాల కింద నలిగిన పొట్టు గాలిలోకి లేస్తుంది.

ఏడాది పాటు ముట్టని ఒక ఫిల్టర్‌ను బయటికి తీసి ఎండలో పెట్టి చూస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. మడతల శిఖరాల మీద బూడిదరంగు నూగు పట్టి ఉంటుంది. లోయల్లో వేపాకు ఈనెలు, గడ్డి పరకలు, చచ్చిన దోమలు, ఎండిపోయిన చిన్న రెక్కల పురుగులు. ఒక మూల తడిసి ఆరిన గోధుమరంగు మరక ఉంటే, అది వైపర్ల జాలీ దగ్గరి నుంచి వాననీరు కారిన గుర్తు. ఆ మరకను చూసి వదిలేయకూడదు. కొత్త ఫిల్టర్ పెట్టినా ఆ నీరు ఆగకపోతే దానికీ అదే గతి.

మూసుకుపోతే జరిగేదేమిటి

మొదట తెలిసేది గాలి తగ్గడం. ఇదివరకు బ్లోయర్ రెండో నంబరులో వచ్చిన చల్లదనానికి ఇప్పుడు మూడో నంబరు పెట్టాలి. శబ్దం పెరుగుతుంది, గాలి మాత్రం పెరగదు. వెనక సీట్లో వాళ్లకు చల్లదనం చేరదు. గ్యాస్ అయిపోయిందేమోనని ఏసీ మెకానిక్ దగ్గరికి వెళ్లేవాళ్లలో కొందరికి అసలు కారణం ఈ ఫిల్టరే. గ్యాస్ నింపించుకోవడానికి ముందు ఫిల్టర్ చూపించమని అడగడం వేల రూపాయలు మిగిల్చే పని.

గాలి తగ్గితే కూలింగ్ కాయిల్‌కు వేడి సరిగ్గా అందదు. కాయిల్ మరీ చల్లబడుతుంది. దాని మీద ఉండే సెన్సర్, ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి దగ్గరపడగానే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. సెన్సర్ సరిగ్గా పని చేయకపోతే కాయిల్ మీద తేమ మంచుగా గడ్డకట్టి గాలి పూర్తిగా ఆగిపోతుంది. హైవే మీద గంటసేపు బాగానే ఉండి ఆ తర్వాత గాలి రావడం మానేసి, కారు ఆపి కాసేపు ఉంచాక మళ్లీ వచ్చిందంటే, కాయిల్ మీద మంచు పట్టి కరిగిందని అనుమానించాలి.

బ్లోయర్ మోటార్ మీద లోడ్ పెరిగి కాలిపోతుందని తరచూ వినిపించే మాటను కొంచెం సరిదిద్దుకోవాలి. ఈ రకం ఫ్యాన్‌కు గాలి అందకపోతే అది తోయాల్సిన గాలి తగ్గుతుంది. కాబట్టి మోటార్ తీసుకునే కరెంటు పెరగదు సరికదా కొంత తగ్గుతుంది. ప్రమాదం వేరేచోట ఉంది. మామూలు ఏసీ ఉన్న కార్లలో బ్లోయర్ వేగాన్ని తగ్గించేది ఒక రెసిస్టర్. అది బాగా వేడెక్కే భాగం. చల్లబడటం కోసం దాన్ని గాలి దారిలోనే పెడతారు. గాలి పలచబడితే దానికి చల్లదనం అందదు. ఆటోమేటిక్ ఏసీ ఉన్నవాటిలో రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. దాని పరిస్థితీ ఇదే. బ్లోయర్ ఒకటి, రెండు, మూడు నంబర్లలో తిరగకుండా చివరి నంబరులో మాత్రమే తిరుగుతోందంటే సాధారణంగా రెసిస్టర్ పోయినట్టే. చివరి నంబరుకు రెసిస్టర్‌తో పని లేదు, కరెంటు నేరుగా అందుతుంది. కొత్త రెసిస్టర్ వేయించి పాత ఫిల్టర్‌ను అలాగే ఉంచితే అదీ ఎక్కువకాలం మన్నకపోవచ్చు.

మైలేజీ విషయంలోనూ అపోహ ఉంది. క్యాబిన్ ఫిల్టర్‌కూ ఇంజిన్‌లోకి వెళ్లే గాలికీ సంబంధం లేదు. ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ విషయంలో కూడా 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ చేసిన పరీక్షల్లో, ఆధునిక ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ పెద్దగా పడిపోలేదని, పికప్ మాత్రం తగ్గిందని తేలింది. క్యాబిన్ ఫిల్టర్ మారిస్తే పెట్రోలు ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు.

అన్నిటికన్నా తీవ్రంగా తీసుకోవాల్సింది వానాకాలం సంగతి. వర్షంలో ముందు అద్దం లోపలివైపు ఆవిరి పట్టినప్పుడు దాన్ని తుడిచేది డిఫాగర్ నుంచి వచ్చే గాలే. ఆ గాలి బలహీనంగా ఉంటే అద్దం తేటపడటానికి ఎక్కువసేపు పడుతుంది. రాత్రి, వాన, ఎదురుగా లారీల హెడ్‌లైట్లు ఉన్నప్పుడు ఆ కొద్దిసేపే ప్రాణాంతకం కావచ్చు.

మార్చాలో లేదో తేల్చుకునే పరీక్షలు

రంగు చూసి తేల్చడం మొదటి పద్ధతి, కానీ అది పూర్తిగా నమ్మదగినది కాదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే మడతల మధ్య నుంచి కాస్తయినా వెలుగు కనబడాలి. వాసనలను కూడా పట్టే కార్బన్ ఫిల్టర్ పుట్టుకతోనే నల్లగా, బూడిదరంగులో ఉంటుంది కాబట్టి దానికి ఈ పరీక్ష పనికిరాదు.

ఇంతకన్నా మంచి పద్ధతి గాలినే పరీక్షించడం. ఇంజిన్ స్టార్ట్ చేసి బ్లోయర్ మూడో నంబరులో పెట్టి, రీసర్క్యులేషన్ ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి వెంట్ల దగ్గర చేయి పెట్టి చూడాలి. రెండింటిలోనూ గాలి తక్కువగానే వస్తుంటే, రెండు దారులకూ ఉమ్మడిగా ఉన్న ఫిల్టర్ మీద అనుమానపడాలి. రీసర్క్యులేషన్‌లో బాగా వచ్చి బయటి గాలి మోడ్‌లో మాత్రం బాగా పడిపోతే ఫిల్టర్ తప్పు లేకపోవచ్చు. వైపర్ల కింది జాలీ ఆకులతో మూసుకుపోయి ఉండవచ్చు. చెట్టు కింద నిలిపే కార్లకు ఇది మామూలే.

ఇంకా తేలకపోతే ఫిల్టర్ తీసేసి, అది ఉండే అర మూత మళ్లీ పెట్టి, ఒక్క నిమిషం బ్లోయర్ నడిపి చూడాలి. గాలి ఒక్కసారిగా పెరిగితే దోషం ఫిల్టర్‌దే. పెరగకపోతే కాయిల్ దుమ్ముతో నిండిందో, బ్లోయర్ ఫ్యాన్‌లో చెత్త ఇరుక్కుందో చూసుకోవాలి. ఫిల్టర్ లేకుండా కారు నడపడం మాత్రం తగదు. ఆ దుమ్ము నేరుగా వెళ్లి తడిగా ఉన్న కాయిల్ రెక్కల మీద బురదలా అంటుకుంటుంది. చాలా మోడళ్లలో కాయిల్ బయటికి రావాలంటే డ్యాష్‌బోర్డ్ విప్పాలి. ఆ ఖర్చు ముందు ఫిల్టర్ ధర లెక్కలోకే రాదు.

కాలాన్ని బట్టి చూస్తే తెలుగు రాష్ట్రాల్లో ఏడాదికి ఒక్కసారే మార్చాలనుకునేవాళ్లకు సరైన సమయం వానలు వెళ్లాక, దసరా నుంచి దీపావళి మధ్య. వానాకాలమంతా తేమలో నానిన ఫిల్టర్ బూజుకు అనువుగా తయారవుతుంది. దాన్ని అలాగే ఉంచి దుమ్ము కాలంలోకి, అంటే నవంబరు నుంచి మే వరకు సాగే పొడి నెలల్లోకి అడుగుపెట్టడం మంచిది కాదు. వాహన పూజకు కారు కడిగించే రోజుల్లోనే ఈ పనీ పెట్టుకుంటే మరిచిపోరు. ఆ తర్వాత ఉగాది సమయంలో, ఏసీ వాడకం పెరగకముందే ఒకసారి తీసి చూడాలి. రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో ఉండే కార్లు, క్యాబ్‌లు, గనులూ క్వారీలూ ఉన్న ప్రాంతాల్లో తిరిగేవి, ఆస్తమా ఉన్నవాళ్లు ప్రయాణించేవి ఉగాదికి కూడా కొత్తది వేయించుకోవడమే మేలు.

కడగడం, గాలి కొట్టడం

నీళ్లతో, సబ్బుతో కడిగితే ఫిల్టర్ తెల్లబడుతుంది. గాలి కూడా బాగా వస్తుంది. అందుకే ఆ పద్ధతి ఇంకా నడుస్తోంది. కానీ పోగుల మీది విద్యుదావేశం సబ్బు నీటితో చాలావరకు పోతుంది. ముతక దుమ్ము ఆగుతుంది, పొగలాంటి సన్నని రేణువులు మాత్రం ఇదివరకటి కన్నా ఎక్కువగా దాటిపోతాయి. పైగా పూర్తిగా ఆరకుండా పెడితే మడతల్లో బూజు పడుతుంది. ఉతకవచ్చని తయారీదారు స్పష్టంగా రాసిన వల రకం, స్పాంజ్ రకం ఫిల్టర్లను మాత్రమే కడగాలి.

గాలి కొట్టడం అంత హానికరం కాదు. పైపైన ఉన్న ఆకులు, మట్టి రాలిపోయి గాలి దారి కొంత తెరుచుకుంటుంది. పోగుల లోతున ఇరుక్కున్నది మాత్రం రాదు. పంక్చర్ షాపు కంప్రెసర్ ప్రెషర్‌తో దగ్గర నుంచి కొడితే గుడ్డ చిరిగే అవకాశం ఉంది. రెండు మార్పిడుల మధ్యలో ఒకసారి, తక్కువ ప్రెషర్‌తో, గాలి వెళ్లే దిశకు ఎదురుగా కొట్టించుకోవచ్చు. మార్చడానికి బదులుగా మాత్రం కాదు.

మార్చే పద్ధతి

మన దేశంలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి ఎక్కువ మోడళ్లలో ఫిల్టర్ ఎడమవైపు, ముందు సీటు ప్రయాణికుడి ఎదురుగా ఉండే గ్లవ్‌బాక్స్ వెనకాల ఉంటుంది. మొదట ఇంజిన్, బ్లోయర్ ఆపేయాలి. గ్లవ్‌బాక్స్‌లో కాగితాలన్నీ తీసేసి తెరవాలి. ఒక పక్కన దాన్ని నెమ్మదిగా తెరుచుకునేలా పట్టుకునే చిన్న దారమో, కడ్డీయో ఉంటే దాని కొక్కెం తప్పించాలి. రెండు పక్క గోడలనూ లోపలికి నొక్కితే బాక్స్ ఆగే చోటు దాటి కిందికి వేలాడుతుంది. వెనకాల అడ్డంగా ఒక సన్నని పొడవాటి మూత కనిపిస్తుంది. దాని క్లిప్పులు నొక్కి లాగితే ఫిల్టర్ అంచు కనబడుతుంది. కొన్ని మోడళ్లలో బాక్స్‌కు స్క్రూలు ఉంటాయి, ఇంకొన్నింటిలో డ్యాష్‌బోర్డ్ కింద నుంచి చేయి పెట్టాలి. కారు పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది.

పాత ఫిల్టర్‌ను లాగేముందు దాని అంచు మీది బాణం గుర్తు ఎటు చూపిస్తోందో ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. తర్వాత ఫిల్టర్‌ను వంచకుండా, అది ఉన్న కోణంలోనే మెల్లగా బయటికి జరపాలి. గబుక్కున లాగితే పైనున్న చెత్తంతా నేరుగా కింది బ్లోయర్ ఫ్యాన్‌లో పడుతుంది. ఆ తర్వాత బ్లోయర్ వేయగానే టపటపమని వచ్చే చప్పుడుకు ఎక్కువగా కారణం ఇలా పడిన ఆకే. ఖాళీ అయిన అరలో టార్చి వేసి చూసి, వ్యాక్యూమ్ క్లీనర్‌తో చెత్త లాగేయాలి. ఎలుక పెంటికలు, చింపిన గుడ్డ పీలికలు కనబడితే చేతి తొడుగులు, మాస్కు వేసుకునే ముట్టుకోవాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, పొలాల పక్కన నిలిపే కార్లలో ఈ అర ఎలుకలకు వెచ్చటి గూడు. ఫిల్టర్ కొరికి గూడు కట్టిన గుర్తులుంటే జాలీ దగ్గర వాటి దారి మూయించకుండా కొత్తది పెట్టడం వృథా.

కొత్త ఫిల్టర్ మీద ‘ఎయిర్ ఫ్లో’ అన్న అక్షరాలతో బాణం ఉంటుంది. అది గాలి ప్రవహించే దిశను చూపాలి. ‘అప్’ అని మాత్రమే ఉంటే ఆ వైపు పైకి ఉండాలని అర్థం. ఈ రెండు గుర్తులనూ ఒకటే అనుకుని తిరగేసి పెట్టడం గ్యారేజీల్లోనూ జరిగే పొరపాటు. దిశ ఎందుకు ముఖ్యమంటే, ఫిల్టర్‌లో పొరలు ఒక వరుసలో ఉంటాయి. ముందు ముతక ధూళిని ఆపే వదులు పొర, తర్వాత సన్నని పొర. తిరగేస్తే ముతక దుమ్ము నేరుగా సన్నని పొర మీద పడి అది తొందరగా మూసుకుపోతుంది. కారు పాడవదు, ఫిల్టర్ ఆయుష్షు తగ్గుతుంది. అన్నీ బిగించాక బ్లోయర్‌ను చివరి నంబరులో పెట్టి వినాలి. ఈల వేసినట్టు వినబడితే మూత సరిగ్గా కూర్చోలేదని, లేదా ఫిల్టర్ సైజు తేడాగా ఉందని అర్థం.

ఏ రకం కొనాలి

సాధారణ ధూళి ఫిల్టర్ మోడల్‌ను బట్టి స్థూలంగా 250 నుంచి 600 రూపాయల మధ్య దొరుకుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ రకం దానికి దాదాపు రెట్టింపు. కార్బన్ పొర ధూళి కోసం కాదు, వాయువుల కోసం. డీజిల్ పొగ వాసన, ఓజోన్, కొన్ని రసాయన ఆవిరులు దాని సూక్ష్మ రంధ్రాలకు అంటుకుంటాయి. జీడిమెట్ల, పటాన్‌చెరు లాంటి పారిశ్రామిక వాడల మీదుగా రోజూ వెళ్లేవాళ్లకు ఆ అదనపు ధర సార్థకమే. అయితే కార్బన్ నిండిపోయిందని కంటికి తెలియదు. గాలి బాగానే వస్తున్నా వాసనలు మళ్లీ తెలుస్తున్నాయంటే దాని పని అయిపోయినట్టే.

హెపా (అతి సన్నని రేణువులను కూడా ఆపే రకం) పేరుతో అమ్మేవాటి విషయంలో జాగ్రత్త అవసరం. యూరప్ ప్రమాణంలో హెచ్13 తరగతి అంటే, అన్నిటికన్నా సులువుగా తప్పించుకునే సైజు రేణువులను కూడా 99.95 శాతం ఆపాలి. అంత దట్టమైన ఫిల్టర్ గుండా గాలి తోయడానికి పెద్ద ఫిల్టర్ వైశాల్యం, బలమైన బ్లోయర్ కావాలి. 2015లో వచ్చిన టెస్లా మోడల్ ఎక్స్ లాంటి కార్లలో దానికి తగిన పెద్ద చోటు ముందే వదిలారు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లోని చిన్న అరలో అదే పేరుతో పట్టే ఫిల్టర్ నిజంగా ఆ స్థాయిలో వడకడితే గాలి తగ్గాలి. గాలి తగ్గకపోతే ఆ స్థాయి వడపోత ఉండటం అనుమానమే. క్యాబిన్ ఫిల్టర్ల పరీక్షకు ఐఎస్‌ఓ 11155 అనే ప్రమాణం ఉంది. డబ్బా మీద ఆ పేరు, ఏ సైజు రేణువుకు ఎంత శాతం అన్న వివరం రెండూ ఉన్నవాటికే విలువ ఇవ్వాలి. ‘పీఎం 2.5’ అని పెద్ద అక్షరాలతో రాసి అంకె ఇవ్వనివాటిని పక్కన పెట్టవచ్చు.

అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో ఉండే తెలుగువాళ్లకు అడవి మంటల పొగ రోజుల్లో ఈ తేడా బాగా అవసరపడుతుంది. ఆ పొగలో ఎక్కువ భాగం సన్నని రేణువులే. మంచి ఫిల్టర్, రీసర్క్యులేషన్ రెండూ కలిస్తేనే లోపలి గాలి త్వరగా తేటపడుతుంది. అక్కడ గ్లవ్‌బాక్స్ కుడివైపు ఉంటుందన్న ఒక్క మార్పు తప్పిస్తే పైన చెప్పిన పద్ధతే. డీలర్ దగ్గర కూలీకి పోసే డబ్బు మిగులుతుంది.

మన దేశంలో కొన్ని చౌక మోడళ్లు, కింది వేరియంట్లు అసలు ఫిల్టర్ లేకుండానే వస్తాయి. కొన్నింటిలో అర ఉంటుంది, ఫిల్టర్ ఉండదు. ఇంకొన్నింటిలో అర మీద ప్లాస్టిక్ మూత అచ్చుపోసి ఉంటుంది, కోసి అమర్చాలి. కారు కొన్నప్పుడే ఈ సంగతి అడగాలి. అర ఉంటే తర్వాతైనా వేయించుకోవాలి.

ఫిల్టర్ చేయలేని పని

కొత్త ఫిల్టర్ వేశాక కూడా ఏసీ వేయగానే పుల్లటి, తడిసిన గోనెసంచి వాసన వస్తుంటే కారణం ఎక్కువగా కూలింగ్ కాయిల్ మీది బూజు, బ్యాక్టీరియా. కాయిల్ మీద చేరే నీరు బయటికి పోయే గొట్టం పూడిపోయిందేమో చూడాలి. ఏసీ నడుస్తున్నప్పుడు కారు కింద నీటి బొట్లు పడకపోవడం దాని గుర్తు. గమ్యం చేరే రెండు మూడు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి బ్లోయర్ మాత్రం నడిపితే కాయిల్ ఆరుతుంది, బూజు తగ్గుతుంది. సెంటు డబ్బాలు వాసనను కప్పుతాయి తప్ప తీసేయవు.

వాయువుల్లో రెండింటిని ఏ క్యాబిన్ ఫిల్టరూ ఆపలేదు. ఒకటి కార్బన్ మోనాక్సైడ్. యాక్టివేటెడ్ కార్బన్‌కు అది అంటుకోదు. అందుకే ఎంత ఖరీదైన ఫిల్టర్ ఉన్నా, మూసిన షెడ్డులోనో సెల్లార్‌లోనో ఇంజిన్ నడుస్తుండగా కారులో నిద్రపోకూడదు. రెండోది మనం వదిలే కార్బన్ డయాక్సైడ్. బయటి గాలిలో అది 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420 భాగాలు) పైచిలుకు ఉంటుంది. నలుగురు కూర్చుని అద్దాలు మూసి రీసర్క్యులేషన్‌లోనే వెళ్తే అరగంటలోపే 2,000 పీపీఎం దాటడం మామూలే. హైవే మీద డ్రైవరుకు మత్తుగా, తలనొప్పిగా ఉండటానికి అలసటతో పాటు ఇదీ ఒక కారణం కావచ్చు. లారీల పొగ, దుమ్ము దాటే చోట రీసర్క్యులేషన్ నొక్కి, రోడ్డు ఖాళీగా ఉన్నచోట పదిహేను ఇరవై నిమిషాలకోసారి రెండు మూడు నిమిషాలు బయటి గాలికి మార్చాలి. బయటి గాలి లోపలికి వచ్చేది ఫిల్టర్ గుండానే కాబట్టి, మంచి ఫిల్టర్ ఉన్న కారులో ఆ రెండు మూడు నిమిషాలకు దుమ్ము భయం పెద్దగా అక్కర్లేదు.